కిటికీలో లేని పువ్వు

మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి ఎలియో బ్రుస్కా కుడిచేతిని విసురుగా గాల్లోకి చాచేవాడు, కిటికీలోంచి పూలకుండీని వీధిలోకి గిరాటేసినట్టు. ఆ చెయ్యి లేచిందంటే చాలు, బరాకస్ పేటలోని క్లబ్బు హాల్లో ఉన్న తలకాయలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగేవి. వెనక, కోట్లు తగిలించే కొక్కేల పక్కన, చిన్న టేబుల్ దగ్గర డోన్యా దెల్మీరా కూర్చుని ఉండేది. సోడా కలిపిన వైను గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, తిరిగిన మొహాలకేసి కాకుండా బ్యాండు కేసే చూసేది. అప్పుడు చప్పట్లు మోగేవి. ఎలియో ఆ చప్పట్లకి తల వంచేవాడు. పన్నెండేళ్ళుగా ప్రతి శనివారం జరిగే తంతే ఇది.

పాట పేరు ‘ఖాళీ కిటికీ’. రాసిన నికానోర్ అర్రేగి ఒకప్పుడు ఆ వీధుల్లోనే చొక్కా చేతులు మడిచి తిరిగినవాడు. పాటలో కథ పెద్దదేం కాదు. ఊరు విడిచి వెళ్ళే కుర్రాడు తను ప్రేమించిన పిల్లకి ఎర్ర జెరేనియం కుండీ ఒకటి ఇస్తాడు. ఇది కిటికీలో ఉన్నన్నాళ్ళూ నువ్వు నాదానివే అంటాడు. కొన్నేళ్ళకి తిరిగొచ్చి చూస్తే కిటికీ ఖాళీగా ఉంటుంది. ఇంకేముంది, గుండె పగిలి వచ్చిన దారినే వెళ్ళిపోతాడు. పాటలో ఆ పిల్ల పేరు లేదు గానీ మూలమీద ఇల్లుంది, ఆ ఇంటికి నీలం తలుపుంది. బరాకస్ మొత్తానికి నీలం తలుపున్న మూల ఇల్లు ఒక్కటే, దెల్మీరాది. తర్వాత ఆమె ఆ తలుపుకి ఆకుపచ్చ రంగు వేయించింది గానీ, జనం నోటికి రంగు వేయడం ఎవరి తరం?

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు. డాన్సుకి పిలవడానికి ఏ మగవాడూ ఆడవాళ్ళ టేబుల్ దాకా నడిచి రాడు. దూరం నుంచే చూపు కలిపి తల ఊపుతాడు. ఇష్టమైతే ఆమె కూడా ఊపుతుంది. లేకపోతే చూపు పక్కకి తిప్పుకుంటుంది, ఎవరి పరువూ పోదు. దెల్మీరా వైపు మాత్రం ఏ చూపూ వచ్చి నిలిచేది కాదు. ఆమెతో డాన్సు చేస్తే ఇంట్లో పువ్వు ఎండిపోతుందని కుర్రాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. అయినా ఆమె శనివారం మానేది కాదు.

అక్కడ జూలై అంటే నడి చలికాలం. ఆ జూలైలో క్లబ్బువాళ్ళు నికానోర్ అర్రేగికి సన్మానం పెట్టారు. ఆయనా పెద్దవాడయ్యాడు, బరాకస్‌కి వచ్చి ఎన్నో ఏళ్ళయింది. ఆయన ఎదుట ‘ఖాళీ కిటికీ’ పాడాలి. పాడేది ఎలియోయే. చెప్పుల కార్ఖానాలో తోలు కోసే మనిషికి ఇంతకంటే గొప్ప రోజు రాదని అతనికి తెలుసు. అందుకే గట్టి కాలరున్న తెల్ల చొక్కా పెట్టెలోంచి బయటికి తీశాడు.

భార్య ఇర్మా చొక్కా చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఇది నేను ముట్టను. మాడిందంటే నన్ను చంపుతావు. ఇస్త్రీకి దెల్మీరా దగ్గరికి పట్టుకెళ్ళు.”

“ఆవిడ దగ్గరికా?”

“ఏం, కరుస్తుందా? శనివారం శనివారం నిండు హాల్లో ఆవిడ పరువు తీస్తావు, చొక్కా ఇవ్వడానికి సిగ్గొచ్చిందా?”

“నేను తీయడమేమిటి? రాసినవాడు రాశాడు, నేను పాడుతున్నాను.”

“చెయ్యి ఊపమని కూడా ఆయనే రాశాడా?” అంది ఇర్మా.

మంగళవారం సాయంత్రం పని దిగి ఎలియో చొక్కా చంకలో పెట్టుకుని మూల ఇంటికి వెళ్ళాడు. దెల్మీరా వంటింట్లోనే ఇస్త్రీ చేస్తుంది. పొడుగు బల్ల మీద దుప్పటి, దాని మీద తెల్లగుడ్డ. పొయ్యి మీద రెండు ఇస్త్రీపెట్టెలు, ఒకటి చల్లారితే ఒకటి. ఆమె కాలర్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది.

“ఎవరు ఉతికారిది? సబ్బు వదల్లేదు. ఇలాగే పెట్టె తగిలిస్తే పసుపెక్కుతుంది. మళ్ళీ ఉతికి గంజి పెట్టాలి. గురువారం రా.”

“సరేనండీ” అని వెనక్కి తిరగబోయి, పొయ్యి పక్కన నేల మీద ఉన్నదేదో కాలికి తగిలి ఎలియో తూలాడు.

“చూసుకుని నడు నాయనా. నీ కాలు విరిగితే అతుక్కుంటుంది, అది విరిగితే అతుక్కోదు.”

పాత పత్రికల మీద పెట్టిన మట్టి కుండీ అది. అందులో లావుపాటి ముసలి కాండం, నాలుగు ఆకులు. ఎలియో దాన్ని సరిగ్గా జరిపి పెట్టాడు. పొయ్యి పక్కన కుండీ ఉండటంలో వింతేముంది? వాళ్ళింట్లోనూ ఉన్నాయి రెండు.

“శనివారం విశేషమేమిటి, ఇంత గట్టి కాలరు?” అని అడిగింది దెల్మీరా.

ఎలియో గొంతు సవరించుకుని, పేరు ముందు మర్యాదకి ‘డాన్’ చేర్చాడు. “డాన్ నికానోర్ వస్తున్నాడండీ.”

ఆమె వేలు తడి చేసుకుని ఇస్త్రీపెట్టె అడుగున తాకించింది. చుయ్యిమంది. ఇంకోసారి తాకించింది. అప్పటికే కాగిందని తెలిసిన పెట్టెని అన్నిసార్లు పరీక్షించడం ఎందుకో ఎలియోకి అర్థం కాలేదు.

“గంజి బాగా గట్టిగా పెట్టనా, కొంచెం మెత్తగా ఉంచనా?” అంది ఆమె చివరికి. “గట్టిగా పెడితే పాడేటప్పుడు మెడ కోసుకుంటుంది.”

“మెత్తగానే ఉంచండి.”

మరునాడు పొద్దుటి నుంచీ నది వైపు నుంచి ఈదురుగాలి. సాయంత్రానికి ఆకాశం గాజులా తేటగా అయింది, రాత్రికి తెల్లమంచు కాయడం ఖాయం. పగటి ఎండకి ఇర్మా కుండీలు కిటికీలో పెట్టింది. ఇప్పుడు పిండి కలుపుతూ వంటింట్లోంచి కేకేసింది.

“ఎలియో, కుండీలు లోపల పెట్టు. మంచు కాసేలా ఉంది.”

ఎలియో పని మీద ధ్యాస లేకుండా శనివారం పాట కూనిరాగం తీస్తూనే బయటికి వెళ్ళాడు. మొదటి కుండీని రెండు చేతులా ఎత్తి పొట్టకి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చాడు. నోట్లో మొదటి చరణం ఆడుతోంది.

*జూలై మంచు రాళ్ళ మీద తెల్లగా కాసిన వేళ*
*టోపీ చేతబట్టి నీ వీధికి వచ్చాను…*

గుమ్మం మధ్యలో అతని కాళ్ళు ఆగిపోయాయి. కుండీ చేతుల్లో ఉంది. వెనక్కి తిరిగి వీధిలోకి చూశాడు. ఎదురింటావిడ కుండీలు లోపలికి చేరేస్తోంది. పక్కింటి ముసలాయన తన బుజ్జి నిమ్మచెట్టుకి గోనె కప్పుతున్నాడు. పొడుగునా ఒక్క కిటికీలో పువ్వన్నది లేదు.

“తలుపేసుకో, చలి వస్తోంది” అంది ఇర్మా. తర్వాత మొగుడి మొహం చూసింది. “ఏమైంది?”

“ఇర్మా, జూలైలో మన వీధిలో ఎవరి కిటికీలోనైనా రాత్రిపూట పువ్వు ఉంటుందా?”

“మతి పోయిందా నీకు? మంచుకి మాడి చావదూ?”

ఎలియో మొదటి చరణం మళ్ళీ మెల్లగా పాడాడు. తర్వాత మధ్యలోవి వదిలేసి మూడోది అందుకున్నాడు.

*కిటికీ ఖాళీ, నా ఎర్రపువ్వు లేదు.*
*దాన్ని విసిరేసిన చేత్తోనే నన్నూ విసిరేశావు.*

ఇర్మా చేతులు పిండిలో ఆగాయి. ఆమె నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

“అయ్యో పాపం” అంది. ఆ తర్వాత కోపం వచ్చింది. “ఆ మహాకవికి వాళ్ళమ్మ ఏనాడూ కుండీలు లోపల పెట్టమని చెప్పలేదా?”

ఎలియోకి నవ్వు రాలేదు. పన్నెండేళ్ళు ఆ రెండు చరణాలనీ ఒకే ఊపిరిలో పాడాడు. అవి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నది ఇవాళే. తన కుడిచెయ్యి కేసి చూసుకుంటే అతనికి సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు.

గురువారం వెళ్ళేసరికి చొక్కా తయారుగా ఉంది. కాలరు ఒక్కటే మిగిలింది, అతను వచ్చాక చేద్దామని ఉంచిందట. తడిగుడ్డలోంచి కాలరు తీసి, రెండు కొసల నుంచి మధ్యకి పెట్టె నడిపించింది. మధ్య నుంచి కొసలకి నడిపితే ముడత వెళ్ళి మొన దగ్గర చేరుతుందని, అప్పుడు మొహం పక్కనే ముడత కనిపిస్తుందని చెప్పింది. ఎలియో వింటున్నట్టే ఉన్నాడు గానీ చూపు మాత్రం పొయ్యి పక్కనే ఉంది.

“డోన్యా దెల్మీరా, ఆ కుండీ…”

“ఊఁ.”

“అదేనా?”

“కుండీ రెండుసార్లు మారింది. మొక్క అదే.” ఆమె పెట్టె ఎత్తలేదు. “చూసి చూసి ఇన్నాళ్ళకి ఒక్కడు అడిగాడు.”

“మీరు చెప్పొచ్చుగా. ఒక్క మాట చెప్తే…”

“ఎవరికి చెప్పను? కూరగాయల కొట్టు దగ్గర నిలబడి, అమ్మలారా అయ్యలారా, ఆ రాత్రి పువ్వు లోపల ఉంది, పొయ్యి పక్కన ఉంది, చలికి చచ్చిపోతుందని నేనే పెట్టాను అని చాటింపు వెయ్యనా? పాట పాడేవాళ్ళకి అడ్డం పడితే వింటారా? ఇంకా నవ్వుతారు.” ఆమె చల్లారిన పెట్టె పొయ్యి మీద పెట్టి వేడిది అందుకుంది. “అయినా నా బాధ పువ్వు గురించి కాదు నాయనా. పువ్వు కనపడలేదు, సరే. తలుపు కనపడిందిగా? నీలం రంగు తలుపని పాటలో కూడా రాశాడుగా? తట్టడానికి చెయ్యి లేదా ఆయనకి? ఆ రాత్రి నేను ఇక్కడే, ఈ బల్ల దగ్గరే ఉన్నాను. చీమ చిటుక్కుమన్నా వినపడేది.”

“నేను మాటలు మార్చి పాడతాను” అన్నాడు ఎలియో.

“వద్దు.” ఆమె అతని వైపు మొదటిసారి నేరుగా చూసింది. “ఒక్క ముక్క మార్చకు. పాట బాగుంటుంది. నా మీద కాకపోయి ఉంటే నేనూ ఏడ్చేదాన్ని.”

“మరి ప్రతి శనివారం ఎందుకు వస్తారు?”

“ఆయన గొంతు ఉంది కదా అందులో” అంది దెల్మీరా చాలా మామూలుగా. “నీ గొంతులోంచైనా సరే.”

చొక్కా మడత పెట్టకుండా చేతి మీద వేసి పంపింది. దారి పొడుగునా ఎలియో దాన్ని చంటిపిల్లలా పట్టుకుని నడిచాడు.

శనివారం హాలు కిటకిటలాడింది. నికానోర్ అర్రేగి చేతికర్ర పట్టుకుని, మెడకి ఉన్ని శాలువా చుట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, ఊదితే పడిపోయేలా ఉన్నాడు. క్లబ్బు ప్రెసిడెంటు పుయోల్ మైకు ముందు పావుగంట ఊదరగొట్టి, దిగుతూ ఎలియో చెవిలో ఊదాడు. “చెయ్యి బాగా విసురు. ఇవాళ ఆయన చూస్తాడు.”

వెనక కొక్కేల దగ్గర దెల్మీరా ఉంది. వైను గ్లాసు, రెండు చేతులు, మామూలే.

బాండోనియన్ పెట్టె తిత్తి తెరుచుకుని మూలిగింది. ఎలియో మొదలుపెట్టాడు. ‘జూలై మంచు’ అన్నచోట ఎప్పుడూ గబగబా దాటేసేవాడు, అక్కడ చప్పట్లు రావు కనక. ఇవాళ ఆ మాట మీద నిలబడ్డాడు. కోటు కాలరు మెడ మీదికి లాక్కున్నాడు. బాండోనియన్ వాయించే ముసలాయన తల ఎత్తి చూశాడు, అయినా అతని కోసం ఆగాడు. రెండో చరణం గడిచింది. మూడోది వచ్చింది. కుడిచెయ్యి అలవాటుకొద్దీ లేచింది. తలకాయలు సగం వెనక్కి తిరిగాయి.

చెయ్యి విసరలేదు. ఎడమచెయ్యి కూడా లేచి దానికి తోడైంది. రెండు చేతులూ గాల్లోంచి బరువైనదేదో జాగ్రత్తగా అందుకుని పొట్టకి ఆనించుకున్నాయి. ఆ బరువుతో ఎలియో ఒక అడుగు వెనక్కి వేశాడు, గుమ్మంలోకి వేసినట్టు. ‘నన్నూ విసిరేశావు’ అన్న మాటని ఆ చేతుల మీదికి తల వంచి, నిద్రపోతున్నవాళ్ళని లేపకూడదన్నట్టు పాడాడు.

పాట అయిపోయింది. చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి తెలియలేదు. సగం తిరిగిన తలకాయలు సగంలోనే ఉండిపోయాయి. పుయోల్ మొహం మాడింది. అప్పుడు ఆడవాళ్ళ వైపు ఒక ముసలావిడ పక్కావిడతో గట్టిగానే అంది.

“అవునే, జూలై కదా. లోపల పెట్టి ఉంటుంది.”

ఆ మాట టేబుల్ నుంచి టేబుల్‌కి పాకింది. కుండీలు మోసేది ఆడవాళ్ళే కాబట్టి వాళ్ళకి ముందు అర్థమైంది. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈసారి తలకాయలు వెనక్కి తిరిగాయి గానీ అవి తిరిగిన తీరు వేరు. దెల్మీరా గ్లాసు టేబుల్ మీద పెట్టి, రుమాలుతో ముక్కు తుడుచుకుంది.

బ్యాండు తర్వాతి పాట ఎత్తుకుంది. నికానోర్ కుర్చీలో పక్కకి తిరిగాడు. హాలు దాటి, డాన్సు చేసేవాళ్ళ భుజాల మీదుగా, కొక్కేల వైపు చూశాడు. చూసి చూసి, తల ఊపాడు. ఆ ఊపడంలో ప్రాణమంతా పెట్టుకున్నాడు పాపం, ఎలియోకి స్టేజీ మీద నుంచి స్పష్టంగా కనపడింది.

దెల్మీరా ఆ చూపుని అందుకుంది. కాసేపు పట్టుకునే ఉంది. తర్వాత మొహం పక్కకి తిప్పి, సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

“చూశారా, రాతిగుండె” అన్నాడు మగవాళ్ళ వైపు ఎవడో. అతని పెళ్ళాం దూరం నుంచే కళ్ళురిమి చూసింది.

స్టేజీ వెనక సీసాలు పేర్చిన చిన్నగదికి నికానోర్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎలియో లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. ఆయన కూర్చోలేదు.

“ఆ చేతులు ఏమిటయ్యా అలా పెట్టావు? నేనలా రాయలేదే.”

“మాటలు మీరు రాసినవే పాడాను డాన్ నికానోర్. జూలైలో మా ఇంట్లో కుండీలు లోపల పెడతాం.”

తిడతాడనుకున్నాడు ఎలియో. లేదా తల పట్టుకుని, ఎంత పొరపాటు చేశాను అని ఏడుస్తాడనుకున్నాడు. ఆయన ఆ రెండూ చెయ్యలేదు. శాలువా అంచు వేళ్ళతో నలుపుతూ ఉండిపోయాడు.

“ఆ వీధి పొడుగునా ఏ కిటికీలోనూ పువ్వు లేదు” అన్నాడు. “నాకు కళ్ళున్నాయి. నేనూ ఇక్కడ పుట్టినవాణ్ణే. కుండీ ఎక్కడుందో నాకు తెలుసు.”

“తెలుసా?”

“కిటికీ సందులోంచి దీపం కనపడుతోంది. ఇస్త్రీ వాసన వస్తోంది. తడితే తీసేది. తీస్తే ఏం చెప్పాలి? గొప్పవాణ్ణయి వస్తానని చెప్పి వెళ్ళాను. చేతిలో టోపీ తప్ప ఏమీ లేదు. చాలాసేపు నిలబడ్డాను. చలికి కాళ్ళు కొయ్యబారాయి. చివరికి కిటికీ ఖాళీగా ఉందిగా, అదే కారణం అనుకున్నాను. రైల్లో కూర్చుని పాట రాశాను. తప్పు ఆవిడ మీద వేశాక నాకు నిద్ర పట్టింది.”

ఎలియోకి ఆ క్షణంలో ఆయన్ని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. కానీ ఆ మెడ చూస్తే, ఆ శాలువా చూస్తే, చేతులు రాలేదు. తను మాత్రం తక్కువ తిన్నాడా?

“ఇప్పుడు పిలిచాను కదా” అన్నాడు నికానోర్ చిన్నపిల్లాడిలా. “మొహం తిప్పుకుంది.”

“హాల్లో కూర్చుని తల ఊపడం తేలికే డాన్ నికానోర్. ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది. తలుపు తట్టడానికి ఆయనకి చెయ్యి లేదా అని.”

ముసలాయన శాలువా మెడకి బిగించుకున్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

“తలుపు ఇంకా నీలమేనా?”

“ఆకుపచ్చ వేయించింది” అన్నాడు ఎలియో.

ఆదివారం మధ్యాహ్నం ఇర్మా మాంసం కూరిన పిండి బిళ్ళలు ఒక పళ్ళెం నిండా పెట్టి, పైన గుడ్డ కప్పి ఇచ్చింది. “దెల్మీరాకి ఇచ్చి రా. నేనిచ్చానని చెప్పు. ఇంకేమీ చెప్పకు, నీకు చెప్పడం రాదు.”

దెల్మీరా పళ్ళెం అందుకుని వాసన చూసి మెచ్చుకుంది. నిన్నటి సంగతి ఎత్తలేదు. అతన్ని కూర్చోమని, టీలా పీల్చి తాగే మాతే ఆకులో వేడినీళ్ళు పోసిన సొరబుర్ర చేతికిచ్చింది. ఎలియో రెండు గుక్కలు పీల్చాడో లేదో, వీధి తలుపు మీద చప్పుడైంది.

గట్టి చప్పుడేం కాదు. కర్రతో కాదు, వేళ్ళ కణుపులతో తట్టినట్టుంది.

దెల్మీరా కదల్లేదు. “ఆదివారం బట్టలకి ఎవరూ రారు” అంది, తనతో తను అనుకుంటున్నట్టు.

ఎలియో లేవబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“ఉండు. మళ్ళీ తట్టనీ.”

ఇద్దరూ ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. ఎలియోకి కంగారు పుట్టింది. వెళ్ళిపోతే? ఆయన ఒకసారి వెళ్ళిపోయినవాడే. అతను గబుక్కున వంగి పొయ్యి పక్కనున్న కుండీ ఎత్తబోయాడు.

“ఏం చేస్తున్నావు?”

“కిటికీలో పెడతానండీ. కనపడితే…”

“దాని జోలికెళ్ళకు. బయట చలి చంపేస్తోంది, మాడిపోతుంది.” ఆమె గొంతు తగ్గించింది. “పువ్వు చూసి ఆగడం కాదు నాయనా. తలుపు చూసి ఆగాలి.”

బయట ఎవరో దగ్గారు. కర్ర రాయికి తగిలిన చప్పుడు. అంతలో తలుపు మళ్ళీ చప్పుడైంది. ఈసారి కొంచెం గట్టిగా, ఒకటి కాదు, వరసగా.

దెల్మీరా లేచింది. ముందుగుడ్డ విప్పి కుర్చీ మీద వేసింది, జుట్టు చేత్తో నిమురుకుంది. నడవలోకి వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, తెలిసి తెలిసి అడిగింది.

“ఎవరది?”

“నేను. నికానోర్.”

“ఏ నికానోర్?”

కర్ర గుమ్మానికి ఆనించిన చప్పుడైంది. తర్వాత, తలుపుకి చాలా దగ్గరగా, ఆ ముసలి గొంతు వినపడింది.

“తట్టకుండా వెళ్ళిపోయినవాణ్ణి.”

దెల్మీరా గడియ తీసింది. మంచుగాలి నడవ దాటి వంటింటిదాకా వచ్చి పొయ్యిలో మంటని పడుకోబెట్టింది. ఎలియో గుమ్మంలో నిలబడిన టోపీని, దాన్ని పట్టుకున్న రెండు చేతుల్ని చూశాడు. వెంటనే తల తిప్పేసుకున్నాడు.

“తొందరగా లోపలికి రా” అంది దెల్మీరా. “చలి వస్తోంది, కుండీ పాడవుతుంది.”